అమెరికా నుంచి తిరిగొస్తూ తుపాకీ వెంట తెచ్చుకోవచ్చా? ఒక మాజీ కస్టమ్స్ అధికారి జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డాలస్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నారు, గ్రీన్ కార్డు ఉంది, వచ్చే ఏడాది కుటుంబమంతా హైదరాబాద్ వచ్చి స్థిరపడుతున్నారు. మీ దగ్గర ఒక 9 ఎంఎం పిస్టల్, ఒక .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఉన్నాయి. మీ అమ్మాయికి స్కూలు జట్టులో వాడే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఉంది. ఇవన్నీ చెక్-ఇన్ సామానులో పెట్టుకుని, శంషాబాద్‌లో డిక్లేర్ చేసి, డ్యూటీ కట్టి ఇంటికి తీసుకెళ్లొచ్చా? చివర్లో ఇంకోటి అడిగారు. మీ స్నేహితుడి బాబాయి బ్యాగులో ఒక్క బుల్లెట్ దొరికిందని విమానాశ్రయంలో ఆపి కేసు పెట్టారు, అది నిజంగా అంత పెద్ద నేరమా?

నేను కస్టమ్స్‌లో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాను. బేగంపేటలోనూ, 2008లో శంషాబాద్ విమానాశ్రయం మొదలయ్యాక అక్కడా అరైవల్ హాల్లో పనిచేశాను. ముందు జవాబు చెప్పేస్తాను, తర్వాత కారణాలు చూద్దాం. పిస్టల్ ఆలోచన వదిలేయండి. రైఫిల్‌కు చట్టంలో దారి ఉంది గానీ, ఇక్కడి ఆయుధ లైసెన్సు మీ చేతికొచ్చాకే ఆ దారి తెరుచుకుంటుంది. ఎయిర్ రైఫిల్‌కు ముందుగా చేసుకోవాల్సిన పని కొంత ఉంది. ఈ మూడింటికన్నా నాకు ఎక్కువ భయం పుట్టించేది మీరు అడగనిది. షూటింగ్ రేంజ్‌కు వెళ్లేటప్పుడు ఏ బ్యాగు వాడుతున్నారు? ఆ బ్యాగుతో మాత్రం విమానం ఎక్కకండి. ఎందుకో చివర్లో చెబుతాను.

డ్యూటీ కడితే చాలు అన్న ఆలోచన ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. బంగారం, టీవీ, మద్యం విషయంలో మనవాళ్లకు అది అలవాటే. పరిమితి దాటితే సుంకం, కట్టేస్తే సరుకు చేతికి. తుపాకీ విషయం అలా కాదు. బ్యాగేజ్ రూల్స్‌లో డ్యూటీ-ఫ్రీ మినహాయింపు వర్తించని వస్తువుల అనుబంధం ఒకటుంది. అందులో మొదటి పేరు తుపాకులది, రెండోది 50కి మించిన తూటాలది. సిగరెట్లు, మద్యం, బంగారం ఆ తర్వాతే వస్తాయి. అయితే అది సుంకం సంగతి మాత్రమే. దాని పైన ఇంకో గోడ ఉంది. ప్రయాణికుడి సామానుగా తుపాకీ దిగుమతి చేసుకోవడమే నిషిద్ధం. నిషిద్ధ వస్తువు మీద సుంకం కట్టినంత మాత్రాన అది సక్రమం కాదు. కౌంటర్ దగ్గర కూర్చున్న ఆఫీసర్ ఎంత మంచివాడైనా దాన్ని వదిలే అధికారం అతనికి లేదు. ఈ ఒక్క మాట ప్రయాణికులకు అర్థమయ్యేలా చెప్పడానికే నా ఉద్యోగంలో చాలా సమయం పోయింది.

ఆ నిషేధానికి ఒక మినహాయింపు ఉంది, అది మీలాంటి వాళ్ల కోసమే. నివాసం మార్చుకుని, కనీసం ఏడాదిపాటు ఉండటానికి ఇండియా వచ్చేవారు ఒకే ఒక తుపాకీ తెచ్చుకోవచ్చు. షరతులు ఇవి. అది అనుమతించిన బోర్‌ది (బోర్ అంటే గొట్టం లోపలి వ్యాసం) కావాలి. విదేశంలో కనీసం ఏడాదిపాటు మీ దగ్గర ఉండి, మీరే వాడినదై ఉండాలి. వర్తించే సుంకం కట్టాలి. ఇక్కడి అధికారులిచ్చిన చెల్లుబాటయ్యే ఆయుధ లైసెన్సు మీ దగ్గర ఉండాలి. క్లియరెన్స్ అయ్యాక మీరు బతికున్నంత కాలం దాన్ని అమ్మకూడదు, అరువివ్వకూడదు, డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా ఇంకొకరి పేరు మీదికి మార్చకూడదు.

ఇందులో మీ పిస్టల్‌ను ఆపేది బోర్ షరతు. మన ఆయుధాల నిబంధనల్లో 'ప్రొహిబిటెడ్ బోర్' అనే వర్గం ఉంది. సైన్యం, పోలీసులు వాడే తూటాలు పట్టే ఆయుధాలన్నీ అందులోకి వస్తాయి. పిస్టళ్లలో 9 ఎంఎం, .45, రైఫిళ్లలో .303, 7.62 ఎంఎం ఆ కోవవే. అమెరికాలో సామాన్యులు అన్నిటికన్నా ఎక్కువగా కొనే పిస్టల్ 9 ఎంఎం. ఇక్కడ సామాన్యుడికి దొరకనిదీ అదే. మన ఊళ్లలో లైసెన్సున్న వాళ్ల దగ్గర .32 రివాల్వర్లు, పిస్టళ్లు, 12 బోర్ తుపాకులు కనిపించడానికి కారణం ఇదే. నిషిద్ధ బోర్ లైసెన్సు జిల్లా స్థాయిలో ఇవ్వరు, అది కేంద్ర హోంశాఖ చేతిలో ఉంటుంది. సామాన్య కుటుంబానికి అది వచ్చే దారి లేదు. మీ స్నేహితుల్లో ఎవరి దగ్గరైనా ఏఆర్-15 తరహా సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఉంటే వాళ్లకూ ఇదే చెప్పండి. బోర్ ఏదైనా సరే, అలాంటి రైఫిల్ కూడా నిషిద్ధ వర్గంలోకే వస్తుంది.

మీ .22 బోల్ట్ యాక్షన్ రైఫిల్ అనుమతించిన వర్గంలోదే. దానికి దారి ఉందన్నది అందుకే. కానీ వరస ముఖ్యం. చాలామంది తుపాకీ తెచ్చి కస్టమ్స్ దగ్గర పెట్టి, తర్వాత లైసెన్సు కోసం తిరగొచ్చు అనుకుంటారు. వరస దానికి పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. ముందు లైసెన్సు, తర్వాత తుపాకీ. 1959 ఆయుధాల చట్టంలో మూడో సెక్షన్ తుపాకీ దగ్గరుంచుకోవడానికే లైసెన్సు కావాలంటుంది. పదో సెక్షన్ దేశంలోకి తేవడానికి, బయటికి తీసుకెళ్లడానికి లైసెన్సు కావాలంటుంది. చట్టప్రకారం తన దగ్గర ఉంచుకునే హక్కున్న వ్యక్తి సొంత వాడకానికి తగు మోతాదులో తెచ్చుకుంటే ఆ దిగుమతి లైసెన్సు అక్కర్లేదు. చాలామంది ఈ ముక్క పట్టుకుని వస్తారు. ఉంచుకునే హక్కు అన్న మాట దగ్గర ఆగి చదవరు. ఇండియాలో ఆ హక్కు ఇచ్చేది ఇక్కడి లైసెన్సే. టెక్సాస్ కాగితాలకు ఇక్కడ ఆ విలువ లేదు. పైగా అదే సెక్షన్‌లో రెండో భాగం కస్టమ్స్‌కు ఇంకో అధికారమిస్తుంది. ఈ మినహాయింపు మీకు వర్తిస్తుందా, తెచ్చిన మోతాదు సబబేనా, వాడకం నిజంగా సొంతానికేనా అన్న అనుమానం వస్తే, కేంద్రం నుంచి ఉత్తర్వు వచ్చేదాకా ఆయుధాన్ని ఆపి ఉంచొచ్చు.

లైసెన్సుకు హైదరాబాద్ ప్రాంతంలో పోలీస్ కమిషనర్‌కు, జిల్లాల్లో కలెక్టర్‌కు దరఖాస్తు చేసుకోవాలి. ఇప్పుడు అన్నీ జాతీయ డేటాబేస్‌లోకి ఎక్కుతాయి, ప్రతి లైసెన్సుదారుడికీ ఒక విశిష్ట సంఖ్య ఉంటుంది. ఆయుధం ఎందుకు కావాలో కారణం చూపాలి, పోలీసు విచారణ జరుగుతుంది, వాడకంలో శిక్షణ పొందినట్లు రుజువు కావాలి. ఇండియాలో నివాసమే లేని మనిషికి ఇది ఎలా కుదురుతుందన్నది మీకు వెంటనే వచ్చే ప్రశ్న. నిజంగా అవసరమైతే ముందు మీరు వచ్చి స్థిరపడి, లైసెన్సు సంపాదించి, ఆ రైఫిల్‌ను అక్కడ నమ్మకమైన చోట ఉంచి, తర్వాత ఒక ప్రయాణంలో తెచ్చుకోవడం గురించి ఆలోచించాలి. అలా చేసేటట్లయితే, ఆలస్యమైనా నివాస మార్పు మినహాయింపు వర్తిస్తుందేమో కస్టమ్స్ కమిషనరేట్‌కు రాతపూర్వకంగా రాసి జవాబు తీసుకోండి. నోటిమాట మీద కదలకండి. నన్నడిగితే ఒక .22 రైఫిల్ కోసం ఇంత దూరం వెళ్లొద్దంటాను. మీకు షూటింగ్ మీద ప్రేమ ఉంటే ఇక్కడ రైఫిల్ క్లబ్బులున్నాయి, క్లబ్బు ఆయుధాలతో సాధన చేయొచ్చు.

ఇంటి సామానంతా కంటైనర్‌లో ఓడ మీద వస్తోంది కదా, అందులో పెడితే సరిపోదా అని కొందరు అడుగుతారు. అది కూడా బ్యాగేజే, నిబంధనలూ అవే. వెంట లేని సామానులో తుపాకీ బయటపడితే దాచి తెచ్చారన్న అనుమానమే ముందు నిలబడుతుంది. ఇంకోటి గుర్తుంచుకోండి. విడి భాగాలు కూడా చట్టం దృష్టిలో ఆయుధమే. బ్యారెల్, సైలెన్సర్ లాంటివి తుపాకీ అన్న నిర్వచనంలోకి వస్తాయి. తూటాల భాగాలు కూడా తూటాలే. పిస్టల్ అమ్మేసి, దాని అదనపు మ్యాగజైన్లు గరాజ్‌లోని పెట్టెలో మరిచిపోయి, ఆ పెట్టెను అలాగే ప్యాక్ చేయించకండి. ప్యాకింగ్ కంపెనీ వాళ్లు చూస్తారులే అనుకోకండి, వాళ్లు చూడరు.

ఇక మీరు బయల్దేరే దేశం సంగతి. అమెరికా లోపలి ప్రయాణానికి టీఎస్ఏ (అక్కడి విమానాశ్రయాల భద్రతా సంస్థ) నిబంధన మీకు తెలిసే ఉంటుంది. తూటాలు తీసేసి, గట్టి పెట్టెలో తాళం వేసి, చెక్-ఇన్ కౌంటర్‌లో చెప్పి, చెక్-ఇన్ సామానులోనే పంపాలి. అక్కడివాళ్లే దీన్ని ఎంత తరచుగా మరిచిపోతారంటే, 2024లో టీఎస్ఏ తనిఖీ కేంద్రాల్లో హ్యాండ్ బ్యాగుల్లో దొరికినవి 6,678 తుపాకులు. వాటిలో దాదాపు 94 శాతం తూటాలు నింపి ఉన్నవే. దేశం దాటేటప్పుడు మాత్రం టీఎస్ఏ నిబంధన ఒక్కటే సరిపోదు. ఎగుమతి చట్టం కూడా వర్తిస్తుంది. పౌరులూ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లూ సొంత వాడకానికి మూడు తుపాకులు, 1,000 తూటాల దాకా లైసెన్సు లేకుండా సామానులో తీసుకెళ్లే వెసులుబాటు ఒకటుంది. ముందుగా ఎలక్ట్రానిక్ ఎగుమతి వివరాలు దాఖలు చేసి, కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ అధికారికి ఆయుధం చూపాలి. కానీ అది వేటకో పోటీకో వెళ్లి తిరిగి తెచ్చేవాళ్ల కోసం పెట్టింది. మీరు శాశ్వతంగా వచ్చేస్తున్నారు. శాశ్వతంగా తరలించడానికి అది పనికిరాదు, అమెరికా వాణిజ్య శాఖ నుంచి ఎగుమతి లైసెన్సు తీసుకోవాలి. అంటే ఇండియా వైపు అంతా సర్దుకున్నా అటువైపు ఇంకో తలుపు మూసే ఉంటుంది.

ఇది చదివే మిగతా మనవాళ్ల కోసం ఒక్క మాట. మీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి అక్కడ తుపాకీ ఉంచుకోవడం వరకు సమస్య లేదు. హెచ్-1బీ మీదో, ఎఫ్-1 మీదో ఉన్నవాళ్ల పరిస్థితి అది కాదు. నాన్-ఇమిగ్రెంట్ వీసాతో ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, అంతే. స్నేహితుడు కొన్న పిస్టల్‌ను ఇంట్లో దాచి ఉంచుతున్న కుర్రాళ్లు ఉన్నారని విన్నప్పుడల్లా నాకు గుండె జారుతుంది. దొరికితే వీసా, ఉద్యోగం, గ్రీన్ కార్డు ఆశ అన్నీ ఒక్కసారే పోతాయి.

మధ్యలో దిగే దేశాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. డాలస్ నుంచి హైదరాబాద్‌కు చాలామంది దుబాయ్, దోహా, అబుదాబి, లండన్ మీదుగానే వస్తారు. ట్రాన్సిట్‌లో బ్యాగు మీ చేతికి రాకపోయినా అది ఆ దేశపు గడ్డ మీదే ఉంటుంది, అక్కడి స్కానర్ల గుండానే పోతుంది. అక్కడి అనుమతి వేరుగా కావాలి. విమానయాన సంస్థ అనుమతి వేరు. ప్రమాదకర సరుకుల అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఒక ప్రయాణికుడికి 5 కిలోల దాకా తూటాలు చెక్-ఇన్ సామానులో అనుమతించొచ్చు, అదీ సంస్థ ముందే ఒప్పుకుంటే. ఇద్దరి వాటా కలిపి ఒకే పెట్టెలో పెట్టకూడదు. సంస్థ వద్దంటే వాదన లేదు. బ్రిటన్‌లో పెప్పర్ స్ప్రే కూడా నిషిద్ధ ఆయుధాల చట్టంలోకే వస్తుంది. అమెరికాలో ఆడపిల్లల తాళాల గుత్తికి వేలాడే ఆ చిన్న డబ్బా లండన్‌లో తుపాకీతో సమానం. మీ ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉంటే అక్కడే వదిలేయండి.

అమ్మాయి ఎయిర్ రైఫిల్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇక్కడ ఒక పిల్ల భవిష్యత్తు ఉంది. హైదరాబాద్ షూటింగ్‌కు మంచి చోటు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ ఇక్కడ పెరిగినవాడే. పారిస్‌లో ఆడిన ఈషా సింగ్‌దీ ఈ ఊరే. మన 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బోర్ .177, అంటే 4.5 ఎంఎం మించకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉండే ఎయిర్ ఆయుధానికి లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో వాడే 10 మీటర్ల రైఫిల్ ఈ హద్దులో హాయిగా ఇమిడిపోతుంది. ఇక్కడే మనవాళ్లు పొరబడతారు. ఉంచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు కాబట్టి తెచ్చుకోవడం కూడా స్వేచ్ఛే అనుకుంటారు. దిగుమతి విధానంలో ఈ వర్గం సరుకు మీద ఆంక్షలున్నాయి. గుర్తింపు పొందిన షూటర్లకు, రైఫిల్ సంఘాలకు సడలింపులున్నాయి గానీ వాటికి కాగితం కావాలి. స్కానర్ ముందు కూర్చున్న మనిషికి అది మొదట కనిపించేది పొడుగాటి తుపాకీలాగే. దాని జౌళ్లు అతనికి తెలియవు.

కాబట్టి ఇలా చేయండి. ప్రయాణానికి చాలా ముందే తెలంగాణ రాష్ట్ర రైఫిల్ సంఘానికీ, జాతీయ రైఫిల్ అసోసియేషన్‌కూ రాయండి. అమ్మాయి పోటీల ఫలితాలు, కోచ్ ఉత్తరం, రైఫిల్ తయారీదారు ఇచ్చిన సాంకేతిక వివరాల పత్రం, కొన్న రసీదు, సీరియల్ నంబరు జత చేయండి. వాళ్ల జవాబు కాపీని శంషాబాద్ కస్టమ్స్‌కు ముందే ఈమెయిల్‌లో పంపి, తేవచ్చో లేదో రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకుంటే, ప్రయాణం రోజు గాలి సిలిండర్ విప్పి పూర్తిగా ఖాళీ చేసి పెట్టండి. నిండు సిలిండర్‌ను ఏ విమానయాన సంస్థా తీసుకోదు. దిగాక నేరుగా రెడ్ చానల్‌కు, అంటే డిక్లేర్ చేసేవాళ్ల వరసకు, వెళ్లి చెప్పండి. డిక్లరేషన్ ముందే నింపుకోవడానికి కస్టమ్స్‌వాళ్ల 'అతిథి' యాప్ ఉంది. ఈలోపు ఒప్పుకోకపోతే బాధపడకండి. ఇక్కడి అకాడమీల్లో మొదట్లో వాళ్ల రైఫిళ్లతోనే నేర్పిస్తారు. రైఫిల్ ఇక్కడ దొరుకుతుంది, అమ్మాయికి పట్టుబడిన నిలకడ ఎటూ పోదు.

రేపు ఆమె ఇక్కడి జట్టు తరఫున విదేశాలకు వెళ్లేటప్పుడు ఒక్కటి గుర్తు చేయండి. దేశం దాటే ముందు ఆయుధం సీరియల్ నంబరుతో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోవాలి. తిరిగొచ్చేటప్పుడు ఇది కొత్తగా కొని తెచ్చింది కాదు, తీసుకెళ్లిందే తిరిగి తెచ్చాను అని చూపేది ఆ కాగితమే. ఈ పది నిమిషాల పని బద్ధకించి, తిరుగు ప్రయాణంలో రాత్రంతా హాల్లో కూర్చున్న పిల్లల్ని చూశాను.

రెడ్ చానల్ అన్నాను కదా. మిమ్మల్ని నిజంగా కాపాడేది అదే. కస్టమ్స్ చట్టం 77వ సెక్షన్ ప్రకారం మీ సామానులో ఏముందో మీరే చెప్పాలి. నిజం చెప్పినవాడికి 80వ సెక్షన్ ఒక వెసులుబాటు ఇస్తుంది. తెచ్చింది సుంకం పడేదైనా, నిషిద్ధమైనదైనా సరే, మీరు కోరితే దాన్ని ఆపి ఉంచి, తిరిగి దేశం దాటేటప్పుడు మీకు అప్పగించొచ్చు. నిజం చెప్పకుండా, డిక్లేర్ చేసేదేమీ లేదన్నట్టు గ్రీన్ చానల్‌లో నడిచినవాడికి ఆ సెక్షన్ వర్తించదు, జప్తు, జరిమానా, అవసరమైతే ప్రాసిక్యూషన్ వెంట వస్తాయి. అయితే లైసెన్సు లేని తుపాకీకి ఆయుధాల చట్టం విడిగా పనిచేస్తుంది. డిక్లేర్ చేశాను కాబట్టి పోలీసులు అడగరు అనుకోవద్దు.

బొమ్మ తుపాకుల గురించి ఒక్క మాటే చెబుతాను. 2022 జూలైలో వియత్నాం నుంచి ఢిల్లీలో దిగిన ఒక జంట ట్రాలీ బ్యాగుల్లో కస్టమ్స్‌కు 45 పిస్టళ్లు దొరికాయి. అవి అసలైనవా, ఉత్త శబ్దం చేసేవా అన్న చర్చ తర్వాత నడిచింది. అసలు, నకిలీ తేలేది నిపుణుడి పరీక్షలో. ఆ పరీక్ష అయ్యేలోపు మీరు విమానాశ్రయంలో ఉండరు, స్టేషన్‌లో ఉంటారు. పిల్లలకు ఎయిర్‌సాఫ్ట్ తుపాకులు, పిస్టల్ ఆకారపు లైటర్లు తేవద్దు.

ఇప్పుడు ఆ ఒక్క బుల్లెట్ సంగతి. తుపాకీ తెచ్చేవాడు కనీసం ఆలోచించి తెస్తాడు. బుల్లెట్ తెచ్చేవాడికి తెచ్చానని కూడా తెలియదు. రేంజ్ నుంచి వచ్చిన బ్యాగు లైనింగ్‌లోకి ఒక తూటా జారిపోతుంది. ఏడాది తర్వాత అదే బ్యాగులో పెళ్లి బట్టలు సర్దుతారు. మన దగ్గరైతే తాతగారి 12 బోర్ తుపాకీ సంచి, పోలీసు శాఖలో పనిచేసే మామయ్య పాత సూట్‌కేసు, ఫారెస్టు ఆఫీసర్ జాకెట్. జాకెట్ల లోపలి జేబులు మరీ ప్రమాదం. థాయ్‌లాండ్‌లో టూరిస్టు రేంజ్‌కు వెళ్లి గుర్తుగా ఖాళీ తూటా జేబులో వేసుకొచ్చే కుర్రాళ్లు ఇంకో వర్గం. ఖాళీదే కదా అనుకుంటారు. తూటాల భాగాలు కూడా చట్టం కిందికి వస్తాయని పైన చెప్పాను.

స్కానర్ తెర మీద బట్టలు, తిండి పదార్థాల్లాంటివి నారింజ రంగులో, లోహాలు నీలంలో, సీసం లాంటి దట్టమైనవి నల్లగా కనిపిస్తాయి. ఇత్తడి గొట్టం, లోపల సీసపు మొన ఉన్న ఆ చిన్న ఆకారాన్ని పట్టుకోవడానికే స్క్రీనర్లకు శిక్షణ ఇస్తారు. అమెరికాలో దాటిందంటే ఇక్కడా దాటుతుందని కాదు. బ్యాగు మీ ఎదుటే తెరుస్తారు. విమానాశ్రయ భద్రత చూసే సీఐఎస్ఎఫ్ వాళ్లు పోలీసులకు అప్పగిస్తారు, శంషాబాద్‌లోనైతే విమానాశ్రయం పోలీస్ స్టేషన్‌కు. ఎఫ్ఐఆర్, తూటా ఫోరెన్సిక్ ల్యాబ్‌కు, మీ విమానం గాల్లోకి. లైసెన్సు లేకుండా తూటా దగ్గరుంచుకోవడానికి ఆయుధాల చట్టం 25వ సెక్షన్ కింద శిక్షను 2019 సవరణ పెంచింది. ఇప్పుడు కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు.

మిగతా దేశాల్లో ఇంకా కఠినం. కరీబియన్‌లోని టర్క్స్ అండ్ కైకోస్ దీవుల్లో 2024లో సెలవులకు వెళ్లిన పలువురు అమెరికన్ల బ్యాగుల్లో వేట తూటాలు దొరికాయి. అప్పట్లో అక్కడి చట్టంలో కనీస శిక్ష 12 ఏళ్లు. కోర్టులు ప్రత్యేక పరిస్థితులుగా చూసి తక్కువ శిక్షలతో వదిలాయి గానీ, ఆ కుటుంబాలు వారాల తరబడి అక్కడే చిక్కుకుపోయాయి. మనీలా విమానాశ్రయంలో 2015లో సిబ్బందే బ్యాగుల్లో బుల్లెట్లు వేసి డబ్బు గుంజుతున్నారన్న ఆరోపణలు చెలరేగి, జనం బ్యాగులకు ప్లాస్టిక్ చుట్టించుకుని ప్రయాణించారు. సింగపూర్‌లో ఖాళీ తూటాకు కూడా అనుమతి కావాలి.

అందుకే రేంజ్ బ్యాగు విషయం అంతగా చెప్పాను. దాన్ని ప్రయాణానికి వాడనే వాడొద్దు. మీరు సర్దే ప్రతి బ్యాగునూ పట్టపగలు వెలుతురులో బోర్లించి దులపండి. లైనింగ్ చిరిగితే అందులో వేలు పెట్టి చూడండి. అడుగు గట్టి అట్ట తీసి చూడండి. జాకెట్ జేబులన్నీ వెనక్కి తిప్పండి. ఎవరి బ్యాగూ అరువు తెచ్చుకోవద్దు. బంధువు ఎంత దగ్గరివాడైనా సరే.

మీ స్నేహితుడి బాబాయికి ఇవి చెప్పండి. ఆయనకు ఆశ ఉంది, గట్టిదే. 'దగ్గర ఉంచుకోవడం' అంటే తెలిసి ఉంచుకోవడమని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది. బ్యాగులో ఉందన్న ఎరుకే లేకపోతే నేరం నిలవదు. ఆయుధాల చట్టం 45వ సెక్షన్‌లో, జత భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న భాగాలకు మినహాయింపు కూడా ఉంది. తుపాకీ లేకుండా ఒంటరిగా దొరికిన తూటా కేసుల్లో ఢిల్లీ హైకోర్టు ఈ రెండు కారణాల మీద ఎఫ్ఐఆర్‌లు కొట్టేసిన తీర్పులు ఒకటి కాదు, 2012 తర్వాత వరసగా ఉన్నాయి. క్రిమినల్ కేసులు చూసే న్యాయవాదికి ఆ తీర్పులు తెలిసే ఉంటాయి.

ఆయన చేయాల్సింది ఇది. ఆ బ్యాగు ఎవరిదో, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చిందో నిజం రాసివ్వాలి. ఆ తూటా లైసెన్సున్న బంధువుదైతే అతని లైసెన్సు కాపీ, అతని వాంగ్మూలం వెంటనే పోలీసులకు ఇవ్వాలి. మొదటి గంటలో భయపడి నాది కాదు, ఎవరో పెట్టారు అని ఒకసారి, మా మామయ్యది అని ఇంకోసారి చెప్పి ఉంటే, ఆ తేడా న్యాయవాదికి ముందే చెప్పాలి. ఫోరెన్సిక్ నివేదిక వచ్చేదాకా ఆగాలా, ఇప్పుడే తెలంగాణ హైకోర్టులో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 528వ సెక్షన్ కింద కొట్టివేత పిటిషన్ వేయాలా అన్నది కాగితాలు చూసి ఆ న్యాయవాదే నిర్ణయించాలి. పాస్‌పోర్టు ఆపి ఉంటే, కోర్టు అనుమతితో ప్రయాణానికి దరఖాస్తు చేసుకునే వీలుంది. కేసు నంబరు, ఏ సెక్షన్ల కింద పెట్టారో ఇక్కడ రాయండి. ఊరూ పేరూ వద్దు. చూసి చెబుతాను.